ఫిల్మ్ డబ్బాలో ఉప్పు

మొన్న కెనడాలో, మిల్టన్‌లోని మా వంటిల్లంతా ఆవపిండి ఘాటు, నువ్వుల నూనె వాసన కమ్ముకుని ఉంటే, హాలిఫాక్స్ నుంచి వచ్చిన మా అక్క గుమ్మం అవతలే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అమ్మ ఆవకాయ కలిపినప్పుడల్లా తను అక్కడే ఆగిపోతుంది. అక్క చెయ్యి పడితే పచ్చడి బూజు పడుతుందని నలభై ఏళ్లుగా ఇంట్లో అనుకుంటున్నాం. నా పిల్లలు కూడా ఇంగ్లీషులో అదే చెప్పి అత్తను ఆటపట్టిస్తారు. ఆ మాట పుట్టింది నా వల్ల.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పద్నాలుగు. టొరంటో పక్కనే నార్త్ యార్క్‌లో అద్దె అపార్ట్‌మెంట్. మార్చి సెలవుల్లో నాన్న ఆఫీసు పని మీద కాలిఫోర్నియా వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్లారు. పనయ్యాక అద్దె కారులో, అమ్మ ఒళ్లో పులిహోర డబ్బాతో, కొండలు దిగి దిగి డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ అడుగున ఉన్న ఉప్పు మైదానానికి చేరాం. కనుచూపు మేరా తెలుపే. టొరంటోలో వదిలొచ్చిన మంచే అనుకుని వంగి ముట్టుకుంటే వెచ్చగా, గరుగ్గా తగిలింది. నాన్న వెనక కొండ మీద ఎంతో ఎత్తున ఉన్న చిన్న బోర్డు చూపించి, సముద్రమట్టం అక్కడ, మనం దానికి కింద ఉన్నాం అన్నారు. మరి సముద్రం నీళ్లేవి? ఎవరు ఆపుతున్నారని అడిగాను.

"ఊపిరి బిగబట్టుకోరా, వచ్చేస్తాయి" అంది అక్క.

నిజంగానే బిగబట్టి, కళ్లు తిరిగి కూలబడ్డాను. అక్క పడీపడీ నవ్వి, తన టోపీ తీసి నా నెత్తిన పెట్టింది.

అమ్మ మాత్రం ఆ తెలుపు వంక ఆశగా చూసి, కెనడాలో కల్లుప్పు దొరక్క పిండిలాంటి ఉప్పుతో ఆవకాయ పెట్టాల్సొస్తోందని నిట్టూర్చింది. ఇక్కడి ఉప్పు తీసుకెళ్లకూడదన్నారు నాన్న. ఆయన అటు తిరగ్గానే అక్కడున్న చిన్న ఉప్పునీటి మడుగు అంచున తడి ఉప్పు గీరి, నాన్న కెమెరా రీలు వచ్చిన ఖాళీ ఫిల్మ్ డబ్బాలో కుక్కాను.

మే నెలలో అమ్మ ఆవకాయ పెట్టి జాడీకి గుడ్డ కట్టింది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నేను గుడ్డ విప్పి నా డబ్బా అందులో ఒంపాను, అమ్మ సంబరపడుతుందనుకున్నాను. రెండు వారాలకు జాడీ నిండా బూజు. ఎవరు ముట్టుకున్నారని అమ్మ అడిగింది. నెలకు మూడు రోజులు అక్కను వంటింట్లోకి రానివ్వరని నాకు తెలుసు, ఎందుకో తెలియదు. అప్పుడు తాకితే పచ్చడి చెడుతుందని మాత్రం విన్నాను. "అక్క" అన్నాను. అక్క తల దించుకుంది.

మొన్న గుమ్మం దగ్గరే ఇదంతా అక్కకు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"కానీ నేను ముట్టుకున్నాను కదరా. గుడ్డ వదులైందని ఆ మూడు రోజుల్లోనే బిగించి కట్టాను. నా చెయ్యే అనుకున్నాను."

గుడ్డ వదులు చేసింది నేనే. బూజు నా ఉప్పు వల్లో, అందులోని తడి వల్లో నాకిప్పటికీ తెలియదు. నాన్న లేరు, ఆ జాడీ లేదు, ఆ ఫిల్మ్ డబ్బాలూ ఎక్కడా కనబడవు. ఇక ఎవర్నడగాలి?

అమ్మకు అంతా వినబడింది.  కలపడం ఆపి, బేసిను గుమ్మం వైపు జరిపి, "చెయ్యి కడుక్కుని రా అమ్మాయ్. తడి లేకుండా తుడుచుకో" అంది.

అక్క సింకు దగ్గర తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. అవెప్పుడో ఆరిపోయాయి.