శివారు సిగ్నల్

మాది కోడూరు పక్క శివారు భూమి. పైవాళ్ళ చేలన్నీ తడిశాక కాలవలో నీళ్ళు మిగిలితే మాకు. వంతు రోజున అవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకే బోదెలోంచి, అంటే పిల్లకాలవలోంచి, చేలోకి నీళ్ళు దిగే మడవని మా ఆయన పొద్దున్నే తీసి ఉంచుతారు. చుక్క లేకపోయినా మూయరు. పెళ్ళయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది.

నేను గుడివాడలో ఇంజినీరింగ్ చదివాను. ఇంట్లోంచే ఒక చిన్న కంపెనీకి వ్యోమనౌకల రిసీవర్ ప్రోగ్రాం రాస్తాను. మన ఫోన్లకు దారి చూపే ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకుని, దాన్నిబట్టే నౌక తానెక్కడుందో తెలుసుకోవాలి. చిక్కేమిటంటే మా నౌక ఆ ఉపగ్రహాలకన్నా ఎత్తున తిరుగుతుంది. అవి భూమివైపు పంపే సిగ్నల్‌లో, భూమి అంచు దాటి అవతలికి జారిపోయిన కాస్తే మాకు దిక్కు. అక్కడా మేం శివారువాళ్ళమే!

నౌక ఇంకా ఎగరలేదు. అక్కడి సిగ్నల్‌లాంటిదే ల్యాబ్‌లో పుట్టించి చేసే పరీక్షల్లో, అది సన్నగిల్లగానే మా రిసీవర్ దాన్ని వదిలేసి ఇంకోదాని వెంట పడేది. ఈలోగా మొదటిది తిరిగొచ్చి వెళ్ళిపోయేది. "వదలకూడదండీ, కాచుకోవాలి" అన్నాను.

"లేని సిగ్నల్ కోసం కూర్చుంటే ఎలాగమ్మా? వచ్చే పరీక్ష కూడా పోతే మన రిసీవర్‌ని నౌకలోంచి తీసేస్తారు" అన్నారు మా టీం హెడ్.

నాకు ఒళ్ళు మండింది. "పోతే నా పేరు చెప్పండి" అని, కాచుకునేలా మార్చి రాశాను.

పరీక్ష రోజే మా నీళ్ళ వంతు కూడా. ట్రాక్టర్ సామాను కోసం మచిలీపట్నం వెళ్తూ మా ఆయన మడవ తీసి, నాకు అప్పగించారు. చేను ఇంటి వెనకే. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. స్థానం తేలాలంటే నాలుగు ఉపగ్రహాలు కావాలి. తెరమీద రెండే ఉన్నాయి. తర్వాత ఒక్కటే.

"ఆపేద్దామా అమ్మా?" అన్నారు హెడ్ ఫోన్‌లో.

"ఆపొద్దండీ."

సన్నగిల్లినవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కాచుకుని ఉన్న రిసీవర్ వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టుకుంది. నాలుగోది కూడా దొరికాక నౌక స్థానం తెరమీద పడింది.

ఆ స్థానాన్ని హెడ్ రెండుసార్లు సరిచూశారు. "నౌకలో ఇదే వెళ్తుందమ్మా" అన్నారు చివరికి.

సంతోషంతో ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని చేలోకి పరుగెత్తాను. బోదె ఎండిపోయి ఉంది.

"ఇవాళ ఇంక రావులేమ్మా, మడవ మూసేసి ఇంటికెళ్ళు" అన్నాడు పక్కచేను రైతు.

"మూయను బాబాయ్" అని గట్టుమీద కూర్చున్నాను.