గోడ మీది ఓర్పు

ఆ రోజుల్లో ఇంటికి సున్నం వేయడం ఆలస్యమైనా, గోడకి మంచిమాట తగిలించడం మాత్రం ఆలస్యమయ్యేది కాదు. సికింద్రాబాదులో మా ముందుగదిలో అమ్మ రంగుదారాలతో కుట్టి అద్దం బిగించిన సూక్తులు అయిదుండేవి (ఆరోది "మంచి మనసున్నవారికి" దాకా కుట్టేసరికి నీలం దారం అయిపోయింది, వాళ్ళకి ఏమవుతుందో ఇప్పటికీ తెలియదు). పోలీసు చర్య అయిన కొత్తలో పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ అమ్మకి ఒక పటం ఇచ్చారు. నల్ల చెక్క చట్రంలో, బంగారు రంగులో మెలికలు తిరిగిన ఉర్దూ అక్షరాలు. అదేమిటో అడిగేలోపే వాళ్ళ జట్కా కదిలిపోయింది.

ఇంట్లో ఉర్దూ బడికి వెళ్ళేది నేనొక్కదాన్నే. నాన్న పట్టుబట్టి చేర్పించారు, అమ్మకి ఇష్టం లేదు. "ఏదీ, చదువు. ఈ మాత్రం రాకపోతే ఆ బడి ఎందుకే? బాపట్లలో అమ్మమ్మ దగ్గరుండి తెలుగు బళ్ళో చదువుకుందువుగాని" అంది. నా ప్రాణమంతా ఈ ఊళ్ళోనే, బళ్ళో నా పక్కన కూర్చునే స్నేహితురాలి దగ్గరే ఉంది. అలిఫ్, బే లాంటి అక్షరాలు విడివిడిగా కనిపిస్తే గుర్తుపట్టగలను. చేతులు కలుపుకుని నిలబడితే ఎవరెవరో తెలిసేది కాదు. అయినా వేలు కుడి నుంచి ఎడమకి నడిపిస్తూ (అదొక్కటే సరిగ్గా వచ్చు) "ఓర్పు ఉన్న ఇంట్లో దేవుడుంటాడు" అని చదివేశాను. అమ్మ మురిసిపోయి పటాన్ని గుమ్మానికి ఎదురుగా తగిలించింది. ఆనాటి నుంచి నేను తమ్ముడి మీద అరిచినా, చారు బాగాలేదన్నా అమ్మ పటం వైపు వేలు చూపించేది. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అసలు అందులో ఏముందోనన్న కుతూహలం మాత్రం నన్ను నిలవనిచ్చేది కాదు. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుంది.

ఇంతలో నాన్న మా ఉర్దూ పంతులు మౌల్వీ సాబ్‌ని టీకి పిలిచారు. ఆయన గదిలో అడుగు పెట్టారో లేదో, అమ్మ నేను చెప్పిన అర్థం వినిపించి "మా అమ్మాయి సరిగ్గానే చదివిందాండీ?" అని అడిగేసింది. ఆయన పటం చూశారు. తన బూట్లు చూసుకున్నారు. గబగబా వెనక్కి వెళ్ళి, గుమ్మం బయట బూట్లు విడిచి వచ్చారు. "చూశారా, మంచిమాటంటే ఆయనకెంత భక్తో! మీరూ ఉన్నారు, బూట్లతో ఇల్లంతా తిరుగుతారు" అని అమ్మ నాన్న చెవిలో గొణిగింది. పాపం, నాన్న కూడా వెళ్ళి విప్పి వచ్చారు. మౌల్వీ సాబ్ పాలిపోయిన నా మొహం చూశారు. "బిడ్డ చెప్పింది సహీ ఉందమ్మా. జెర సబర్ చెయ్యుండ్రి, ఓర్పు పట్టుండ్రి, ఇంకా మంచిగ చదువుతది" అన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో మెల్లగా, "రేపటి సంది అరగంట ముందుగాల రా బిడ్డా" అన్నారు.

నెల తిరిగేసరికి చదవగలిగాను. "దయచేసి చెప్పులు బయట విడవండి." పడీ పడీ నవ్వాను, నన్ను కాపాడిన మౌల్వీ సాబ్‌ని తలుచుకుని ఏడ్చాను కూడా. అమ్మకి మాత్రం చెప్పలేకపోయాను.

ఆ పటం ఇప్పుడు మా గుమ్మానికి ఎదురుగా ఉంది. మొన్న మనవడు "ఏం రాసుంది అమ్మమ్మా?" అని అడిగాడు. అలవాటు కొద్దీ "ఓర్పు ఉన్న ఇంట్లో దేవుడుంటాడు" అనేశాను. "ఓహో" అని వాడు బురద బూట్లతోనే, అప్పుడే తుడిచిన గదిలోంచి లోపలికి పరుగెత్తాడు. ఏమనగలను? ఓర్చుకున్నాను.