నిలువురాయి దగ్గర నా ఉపన్యాసం

ఒక రాయి గురించి మా ఉప్పల్‌లోనూ నాచారంలోనూ ఇప్పుడు మూడు కథలు తిరుగుతున్నాయి. దాన్ని నేను కాపాడానని ఒకటి. దాన్ని నేనే మైలపరిచానని ఇంకొకటి. దాని కింద బంగారం ఉందని మూడోది. మూడోది పచ్చి అబద్ధం. మొదటి రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో నాకు తెలుసు కాబట్టి నేనే రాసిపెడుతున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, మనుషుల పేర్లూ రాయను. పాత రాయి అనగానే గడ్డపారలు పట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాటాక, స్కూటీ మీద పొద్దున పోయి మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి రాగలిగినంత దూరం. అంతే చెబుతాను.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. నాచారం పారిశ్రామికవాడలో మందులు ప్యాక్ చేసే ఒక యూనిట్‌లో పనిచేస్తాను. మాత్రల పట్టీలో ఎక్కడైనా ఒక గుంట ఖాళీగా పోతుంటే పట్టుకోవడం నా పని. షిఫ్టు దిగాక ఇంటికి పోయే దారిలో గ్రంథాలయం ఉంది. మొదట్లో ఫ్యాను కింద కాసేపు కూర్చుందామని పోయేదాన్ని. ఊరికే కూర్చుంటే బాగుండదని పేపరు, పేపరు అయిపోతే వారపత్రిక, అవీ అయిపోయాక బీరువాల వైపు నడిచాను. అక్కడ చరిత్ర పుస్తకాల కింది అరలో, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయిన ఒక పుస్తకం దొరికింది. వెనక అంటించిన చీటీ మీద ఒక్క ముద్రా లేదు. దాన్ని మొదట ఇంటికి తీసుకుపోయింది నేనే. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన రోజుల్లో మనవైపు మనుషులు చనిపోయినవాళ్లను పాతిపెట్టి, చుట్టూ గుండ్రంగా బండలు పేర్చేవాళ్లట. కొన్నిచోట్ల పక్కనే ఒక పెద్ద రాయిని నిలువుగా పాతేవాళ్లట. ఊళ్లలో వాటినే రాకాసి గుళ్లు అంటారట. అది చదవగానే గ్రంథాలయంలో "అమ్మో!" అని గట్టిగా అనేశాను. పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లంతా తలెత్తి చూశారు. చిన్నప్పుడు జనగామ వైపు మా ఊరి బయట అలాంటి బండల మీదే కూర్చుని రేగుపండ్లు తిన్నాను మరి! మూడువేల ఏళ్ల నాటి మనుషుల నెత్తిన కూర్చుని గింజలు ఉమ్మేశానన్నమాట.

ఆ రోజు నుంచి నాకు ఆదివారాలు చాలలేదు. మా వదినకు స్కూటీ ఉంది. ఆమె నాచారంలో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతుంది. వారమంతా మిషన్ ముందు వంగి కూర్చుంటుంది కాబట్టి ఆదివారం గాలి తగిలితే చాలు, ఎక్కడికైనా వస్తుంది. జవహర్‌నగర్ అవతల గుట్టలన్నీ చూశాం. కీసర వైపు పోయాం. ఎక్కడైనా బండలు వరసగా కనిపిస్తే చాలు, నేను "ఆపు వదినా, ఆపు!" అని ఆమె భుజం మీద కొట్టేదాన్ని.

"కొట్టకే, పడ్తం. బండ యాడికి వోతది? మూడువేల ఏండ్ల సంది ఉన్నది, ఇంకో నిమిషం ఉండదా?" అనేది వదిన.

ఆ నిలువురాయి మాకు ఒక వేసవి ఉదయం దొరికింది. రోడ్డు మీంచి చూస్తే కొత్తగా చదును చేసిన భూమి, ప్లాట్లకు పాతిన తెల్ల హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు. వాటన్నిటి మధ్యలో, జెండా కర్రల కన్నా ఎత్తుగా, నల్లగా, ఒక పక్కకు కొద్దిగా వంగి అది నిలబడి ఉంది. నడుము దాకా పసుపు, పైన కుంకుమ బొట్లు. స్కూటీ పూర్తిగా ఆగకముందే దూకాను. చుట్టూ గుండ్రంగా బండలు! కొన్ని మట్టిలో కూరుకుపోయి వీపు మాత్రమే కనబడుతున్నాయి. ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టుకుంటూ తిరిగాను. రెండుసార్లు తప్పిపోయి మూడోసారి పదహారు తేలాయి. టేపు మరిచిపోయాను కాబట్టి వదిన చున్నీ లాక్కుని దానితోనే కొలిచాను.

"ఓ పిచ్చిదానా, నా చున్నీ మన్ను మన్నయింది," అంది వదిన. కానీ రెండో కొస ఆమే పట్టుకుంది.

రాయికి ఇరవై అడుగుల దూరంలో మెట్లబావి ఉంది. రాతి మెట్లు, అడుగున పచ్చటి నీళ్లు. ఆ మెట్ల మీంచే చిన్న బిందె నడుముకు పెట్టుకుని ఒక అవ్వ పైకి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"చెప్పులు ఇడ్సిన్రా?" అని మాత్రం అడిగింది.

విడిచాం. అవ్వ ఆ నీళ్లతో రాయిని కడిగింది, పసుపు పూసింది. ఆమె అత్త ఆమెకు అప్పగించిన పని అది. ఊళ్లో పిల్లలకు అమ్మ పోసి తగ్గాక మొదటి స్నానం ఆ బావి నీళ్లతోనే చేయిస్తారు. ఆషాఢంలో ఒక ఆదివారం ఊరి ఆడవాళ్లంతా రాయికి బోనాలు పెడతారు. బావి నీళ్లతో అక్కడే వంట.

"భూమి అమ్ముడువోయింది గద అవ్వా, మరి రాయి?" అని అడిగాను.

"అమ్మ గద. అమ్మనెవడు ముడ్తడు? గా ప్లాట్ల పిలగాడు గుడికి జాగా ఇడుస్తనని మాటిచ్చిండు."

అంటే రాయి అప్పటికే క్షేమంగా ఉంది. ఈ సంగతి చదివేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. దాన్ని కాపాడమని నన్ను ఎవరూ అడగలేదు.

తర్వాత వారమే వదినతో మళ్లీ పోయాను. ఈసారి టేపు, నోటుపుస్తకం, గ్రంథాలయం పుస్తకం అన్నీ ఉన్నాయి. ఆ రోజు అక్కడ షామియానా వేసి, ఉప్పల్ నుంచీ నాచారం నుంచీ ప్లాట్లు కొనేవాళ్లను బస్సులో తెచ్చారు. నేను వంగి వంగి కొలతలు రాసుకోవడం చూసి ప్లాట్లు వేసే అతను దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, మెడలో రెండు ఫోన్లు.

"అక్కా, సదువుకున్నోళ్ల లెక్కున్నరు. గీ అమ్మ ముచ్చట జర మా సార్లకు జెప్పున్రి. మస్తు పవర్‌ఫుల్ అని జెప్తే సాలు," అని చేతిలో మైకు పెట్టాడు.

మైకు! నా గొంతు నాకే స్పీకర్లో వినబడింది. ఆ సంతోషం ఎలా రాయాలో తెలియదు. చదివిందంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. ఇది సామాన్యమైన రాయి కాదన్నాను. మన దగ్గర ఒక్క కోట కూడా లేని కాలంలో నిలబెట్టారన్నాను. "ఇది సమాధి!" అన్నాను. షామియానా కింద ఒక్కసారిగా సద్దుమణిగింది. నా ఉపన్యాసానికి అందరూ మైమరిచిపోయారనుకుని, కుండల్లో ఎముకలు ఎలా పెట్టేవాళ్లో కూడా వివరంగా చెప్పాను. అటు చూస్తే ఒక తల్లి గబగబా పోయి, బండ మీద ఆడుకుంటున్న పిల్లను చంకనేసుకుంది. ముందు వరసలో ఒకావిడ, మాట తీరు చూస్తే కోస్తావైపు మనిషి, భర్త మోచేయి పట్టుకుని, "ఏమండీ, శ్మశానంలోనా మనం ఇల్లు కట్టుకునేది? లేవండి," అంది.

నా వెనకే నిలబడ్డ ఊరి ఆడవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిన్నేండ్ల సంది బొందలగడ్డల బోనం వండినమానే?" అని పక్కామెను అడిగింది. ఆ మాట కూడా మైకులో వినబడింది.

ప్లాట్ల అతను నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నాడు. "నీకు మైకిచ్చుడు నాదే తప్పు అక్కా," అన్నాడు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

స్కూటీ మీద వెనక్కి బయలుదేరాం. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కింద సిగ్నల్ పడ్డాక వదిన నా వైపు తిరిగి, "మంచిగనే జెప్పినవ్. గని ఎవరి ముంగట జెప్తున్నవో సూసుకోవాలె గదనే," అంది.

ఆషాఢంలో బోనాలకు నాలుగు రోజుల ముందు, భోజనం బ్రేకులో అవ్వ నుంచి ఫోన్ వచ్చింది. మొదటి రోజే నా నంబరు రాసిచ్చి వచ్చాను.

"బిడ్డా, నీ మాట ఊరంత పాకింది. ఒక్కతి గూడ బోనమెత్తనంటున్నది. బొందకాడికి వోతె ఇంటికొచ్చి తానం జెయ్యాలె గద, బోనమెట్ల ఎత్తుతం అంటున్నరు. గా పిలగాడు సోమారం పొద్దుగాల జేసీబీ దెచ్చి రాయి పీకిస్తడట. ఐతారం నేనొక్కదాన్నే వోత. మా అత్తకు మాటిచ్చిన."

ఆ మధ్యాహ్నం లైను మీద ఖాళీ గుంట ఉన్న పట్టీ ఒకటి నా ముందునుంచే పోయింది. అలా నాకెప్పుడూ జరగలేదు.

శనివారం సెలవు పెట్టి గ్రంథాలయంలో కూర్చున్నాను. నిలువురాళ్లన్నీ సమాధులు కావనో, కొన్ని దేవతల కోసమే పాతారనో ఎక్కడైనా ఒక్క వాక్యం దొరుకుతుందేమోనని ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. చుట్టూ బండలు లేని ఒంటిరాళ్ల గురించి అనుమానాలు ఉన్నాయి గాని, మా రాయికి పదహారు బండలున్నాయి. వాటిని లెక్కపెట్టింది నేనే.

"నాకు తెల్వక జెప్పిన, అది సమాధి గాదు అని జెప్పు. అయిపాయె," అంది వదిన.

చెప్పడానికే సిద్ధపడ్డాను. నేను చదివి తెలుసుకున్నది ఆ ఒక్కటే, దాన్నే అబద్ధమనాలి. అయినా రాయి కన్నా నా మాట పెద్దదా అనుకుని, ఆదివారం పొద్దున స్కూటీ ఎక్కాను.

అవ్వ ఒక్కతే బావి దగ్గర బోనం వండి నెత్తికెత్తుకుంది. కొత్త కుండ, వేపరెమ్మ, పైన దీపం. ఊరి ఆడవాళ్లు పదిహేను మంది దాకా బావి అవతల నిలబడి ఉన్నారు. చూడటానికి వచ్చారు, చేతులు ఖాళీ. నేను ముందుకు పోయి, "నేను ఆ రోజు చెప్పింది..." అని మొదలుపెట్టాను.

"ఆగు బిడ్డా," అంది అవ్వ. బోనం దించి బండ పక్కన పెట్టింది. "నన్ను అడగనీ. గీ లోపట పండుకున్నోళ్లు ఎవరు?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పలేకపోయాను. "ఎవరో తెల్వదు అవ్వా. మనకంటె శాన ముందటోళ్లు. గీ మట్టిల పంట దీసినోళ్లు."

"పిల్లలున్నోళ్లేనా?"

"ఉండే ఉంటరు."

అవ్వ బావి అవతలికి తిరిగింది. "ఇన్నరా? పెద్దోళ్లట. పెత్రమాసకు సచ్చినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తలేరా మీరు? గప్పుడు మైల గాదు?" అని, ముందు నిలబడ్డామెను వేలితో చూపించింది. "ఏమే, మీ అత్త మొకం ఎండి బిళ్ల మీద కొట్టిచ్చి దేవుని అర్రల వెట్టుకోలే? దినాం దండం వెడ్తవ్. గామె సచ్చింది గాదా?"

ఆమె తల దించుకుంది. పక్కామె ఫక్కున నవ్వింది.

"నలభై ఏండ్లు కడిగిన. నా చెయ్యేం మురిగిపోలే," అని అవ్వ బిందె తీసుకుని మెట్లు దిగబోయింది. అప్పుడే వెండి బిళ్లామె వచ్చి బిందె అందుకుంది. "నువ్వాగు, మెట్లు జారుతయ్," అంటూ తనే దిగింది.

అక్కణ్నుంచి ఎంత త్వరగా జరిగిందో! కొందరు కుండలు, బియ్యం తేవడానికి ఇంటికి పరిగెత్తారు. ఒకామె నా దగ్గరికి వచ్చి, "అక్కా, లోపట మొగోళ్లా ఆడోళ్లా?" అని చెవిలో అడిగింది. తవ్వకుండా తెలియదన్నాను. "అయితె తవ్వద్దు," అని ఆమే తీర్పు చెప్పింది. నన్ను చుట్టుముట్టి అడగడం మొదలుపెట్టారు: ఇంత రాయి ఎట్ల లేపిన్రు, ఎద్దులున్నయా, ఆడోళ్లు గాజులేసుకుందురా? తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. మైకులో మాట్లాడిన రోజు కన్నా పదింతలు సంతోషంగా ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి రాయి ముందు తొమ్మిది బోనాలు ఉన్నాయి. ప్రతి ఏడూ వచ్చేవాటిలో సగం కూడా కాదన్నారు. అయినా తొమ్మిది దీపాలు.

ప్లాట్ల అతను రేపటి పని చూసుకోవడానికి అప్పుడే వచ్చాడు. కారు దిగి చూసి, బూట్లు విప్పాడు.

"ఏం జేసినవక్కా మళ్ల?"

"నేనేం జెయ్యలే తమ్మీ. నిజమే జెప్పిన."

"దీపం ముట్టించిన జాగల జేసీబీ వెడితె ఊరోళ్లు నన్ను ఊర్లకు రానిస్తరా?" అని విసుక్కుంటూ ఫోన్ తీసి, సోమవారం బండి వద్దని ఎవరికో చెప్పాడు. తర్వాత నెలలో లేఅవుట్ మార్చి, పార్కుకు వదిలే జాగా రాయి చుట్టూ, బావితో కలిపి వచ్చేలా గీయించాడు. అక్కడో బోర్డు పెట్టాలి, రాసివ్వమని నన్నే అడిగాడు. పదకొండు వాక్యాలు రాశాను. అవ్వకు చదివి వినిపిస్తే మధ్యలోనే చేయి అడ్డం పెట్టింది. "గింత పొడుగెవరు సదువుతరు?" అంది. ఇద్దరం బావి మెట్ల మీద కూర్చుని కొట్టేసుకుంటూ పోతే మూడు మిగిలాయి. సమాధి అన్న మాట ఉంచుదామా అని అడిగాను. ఉంచమంది. పెద్దలు అన్న మాట దాని ముందు పెట్టమంది.

ఆ అవ్వకు, బిందె అందుకున్నామెకు, బూట్లు విప్పిన తమ్ముడికి, కొస పట్టుకున్న మా వదినకు దండాలు. గడువు దాటినా ఏమీ అనకుండా ఆ పుస్తకాన్ని మళ్లీ నా పేరు మీదే రాసిచ్చిన గ్రంథాలయం సార్‌కు కూడా. మీ పేర్లు ఇక్కడ రాయకపోయినా, ఆ ఆదివారం ఎవరు ఎక్కడ నిలబడ్డారో మీకు తెలుసు.