చెట్టు లేని మైదానంలో గంటన్నర

మొన్న ఆదివారం మా మేనకోడలు సింగపూర్ సెరంగూన్‌లో నేనుండే ఫ్లాట్‌కు వచ్చి, చెప్పులు విప్పుతూనే, “మామయ్యా, జూన్‌లో నేనూ నా ఫ్రెండూ పెర్త్ నుంచి అడిలైడ్ దాకా డ్రైవ్ చేస్తున్నాం. డాడీ వెళ్లిన రోడ్డే” అంది. తండ్రి పోయేనాటికి దానికి మూడేళ్లు. తండ్రంటే దానికి గోడ మీది ఫొటో, ఆ రోడ్డు పేరూ, అంతే. “అమ్మ ఓకే అంది. బట్ కండిషన్స్ లా!” అని ఇక్కడి పిల్లల యాసలో నవ్వుతూ ఫోన్ చూపించింది. ప్రయాణంలో ఏ రోజు రాహుకాలం ఎప్పుడో అక్క ఓపిగ్గా రాసి పంపింది. ఆ వేళల్లో కారు కదలకూడదట. మంగళవారం దగ్గర నా వేలు ఆగింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం హడలిపోయిన రోజుల్లో, వాటిని సరిచేయడానికి సింగపూర్‌లో దిగినవాళ్లలో మా బావ ఒకడు. అక్క మొగుడు. తరవాత నన్నూ రప్పించి ఉద్యోగం చూపించాడు. చోవా చూ కాంగ్‌లో వాళ్ల చిన్న ఫ్లాట్ హాల్లోనే నా పరుపు. బావ ఎంతో కష్టపడి డ్రైవింగ్ లైసెన్స్ సంపాదించాడు గానీ, ఇక్కడ కారు కొనడానికి కావలసిన పర్మిట్ ధర వింటేనే జ్వరం వచ్చేది. “ఒరేయ్, ఈ దేశంలో టాప్ గేర్ వేసేలోపు సముద్రం అడ్డమొస్తుందిరా” అని వాపోయేవాడు. అడ్డు లేని రోడ్డు మీద ఒక్కసారి తనివితీరా నడపాలని ఆయన కోరిక. ఆఫీసులో ఆ గండం గడిచి సెలవు దొరకగానే ఆస్ట్రేలియా మ్యాపు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. పిల్ల చిన్నదని అక్క రానంది. నేను తోడు వెళ్లాను.

పెర్త్‌లో కారు అద్దెకు తీసుకుని తూర్పుకు సాగిపోయాం. మూడో రోజుకు మైదానం మొదలైంది. చెట్టన్నది లేదు. మోకాలెత్తు బూడిదరంగు పొదలు, మధ్యలో వంకరన్నది ఎరగని తారురోడ్డు. గంటసేపు నడిపినా కారు ఉన్నచోటే ఉందేమో అనిపించేది. బావ మొదటి రోజు తనకు వచ్చిన పాటలన్నీ పాడేశాడు, రెండో రోజు రానివి కూడా పాడాడు, మూడో రోజు ఇద్దరికీ మాటలు పడిపోయాయి. నాకు భయమేసింది. వెనక్కి పోదామని అనాలనిపించి కూడా, బావ మొహంలో వెలుగు చూసి ఊరుకున్నాను.

ఆ రోజు మంగళవారం. మూడింటికి కాస్త ముందు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఆ దారిలో బంకే హోటలు, బంకే ఊరు. మేం గది చెప్పిపెట్టిన చోటు ఇంకో గంట దూరం. బావ అక్కడి ఫోన్‌లోంచి ఇంటికి చేశాడు. పక్కనున్న నాకు అక్క గొంతు వినిపిస్తూనే ఉంది. “ఇవాళ మంగళవారం కదండీ. మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆగి బయల్దేరండి, నాకోసం.” బావకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. ఇంట్లోనైతే నవ్వేసి చెప్పులేసుకునేవాడు. అంత దూరం నుంచి అడిగేసరికి కాదనలేకపోయాడు. “వెళ్లిపోదాం బావా” అన్నాను. “మీ అక్క భయపడుతోందిరా. గంటన్నరేగా, టీ తాగుదాం పద” అన్నాడు.

మా వాచీల్లో ఉన్నది సింగపూర్ టైమే. పెర్త్‌లోనూ అదే కాబట్టి మార్చే పని పడలేదు. సింగపూర్‌లో ఏడాది పొడవునా ఏడింటికి పొద్దుగూకుతుంది. నాలుగున్నరంటే మాకు ఎండ కాసే వేళ. కానీ అక్కడ చలికాలం, పైగా తూర్పుగా చాలా దూరం వచ్చేశాం కాబట్టి మా వాచీ ప్రకారం పొద్దు చాలా ముందే కుంగుతుంది. ముందు రెండు రోజులూ నాలుగింటికల్లా గదికి చేరి పడుకోవడంతో గమనించనే లేదు. సరిగ్గా నాలుగున్నరకు, అక్క చెప్పినట్టే మేం లేచేసరికి, సూర్యుడు నేలను తాకుతున్నాడు. బంకులో ఆవిడ, చీకటి పడితే కంగారూలు రోడ్డెక్కుతాయనీ ఈ రాత్రికి ఇక్కడే ఉండిపొమ్మనీ చెప్పింది. “ఒక్క గంటేగా” అన్నాడు బావ.

ఇరవై నిమిషాలు వెళ్లామేమో. ఎడమ పక్క నుంచి ఒక్క గెంతులో వచ్చింది. బావ స్టీరింగ్ తిప్పేశాడు. అలా తిప్పకూడదట, నేరుగా గుద్దేయాలట. పోలీసాయన తరవాత చెప్పాడు. కారు కంకరలోకి దిగి పల్టీలు కొట్టింది. నాకు భుజం విరిగింది. బావ కొంచెంసేపు స్పృహలోనే ఉన్నాడు. “చేరాక ఫోన్ చేస్తానన్నానురా” అన్నాడు. అటుగా ఒక లారీ వచ్చేసరికి నా ఒళ్లో తల అలాగే ఉంది, బావ లేడు.

చాంగీ ఎయిర్‌పోర్టులో అక్క ఏడవలేదు. “నాలుగున్నర దాటాకే బయల్దేరారా?” అని అదొక్కటే అడిగింది. నిజం నోటిదాకా వచ్చింది. అది విన్నాక ఈ మనిషి ఎలా బతుకుతుందని భయమేసింది. “లేదక్కా. బావ ఆగుదామన్నాడు. నేనే తొందరపెట్టి మూడింటికే బయల్దేరదీశాను” అన్నాను. పోలీసు కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నుంచి అక్క నన్ను “ఒరేయ్” అనలేదు. పండక్కి పిలుస్తుంది. విస్తరి ముందు కూర్చుంటే, ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ణి, “ఇంకొంచెం అన్నం పెట్టమంటారా?” అని అడుగుతుంది.

“ఈ పట్టిక పక్కన పెట్టమ్మా” అన్నాను మేనకోడలితో. “అక్కడ వాచీ చూసుకోకండి, ఆకాశం చూసుకోండి. పొద్దు దిగకముందే ఎక్కడుంటే అక్కడ ఆగిపోండి.” అది తెల్లబోయి, “మరి అమ్మకేం చెప్పను?” అంది. “అన్నీ పాటించామని చెప్పు” అన్నాను. నిజం చెబితే అక్క రేపే నన్ను “ఒరేయ్” అంటుందేమో. కానీ ఆ తరవాత ఆవిడ ఆ గంటన్నరలోంచి ఈ జన్మకు బయటికి రాదు. అందులో ఉండటానికి నేనొక్కణ్ణి చాలు.