గుర్రపుడెక్క తీసిన శనివారాలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా సైన్సు టీచరు రోజూ నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డకు వచ్చేవారు. మా బడి వెనక కుంటను గుర్రపుడెక్క పూర్తిగా కమ్మేసింది. కిటికీ తెరిస్తే కంపు. ఒక శనివారం ఆమె పెయింటు డబ్బా మూతకు తెల్లరంగు వేసి, జానెడుకొక ముడి వేసిన తాడు కట్టి తెచ్చారు. ఆకులు పక్కకు నెట్టి, రాయి బరువుతో దాన్ని నీళ్లలోకి దించారు. మొదటి ముడి మునగకముందే మూత కనిపించకుండా పోయింది.

"నీళ్లలోకి ఎండే పోకపోతే అడుగున ఏం బతుకుతాది?" అన్నారు.

ఆ తరువాత ప్రతి శనివారం మోకాలిలోతు బురదలో దిగి గుర్రపుడెక్క లాగేవాళ్లం. నా స్నేహితురాలు, కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి, జలగలకు భయపడి గట్టు మీదే కూర్చుని తూనీగలను రంగుల వారీగా పుస్తకంలో రాసేది.

నీళ్లు తేటపడాలని అంచున జమ్ము నాటాం. సోమవారానికి ఒక్క మొక్కా లేదు. బర్రెలు తినేశాయి. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. బర్రెలు కాసే తాత మీదికి వెళ్లాను.

"ఏం తాతా, మా మొక్కలన్నీ నీ గొడ్లు తినేసినాయి!"

"ఆడ నాటమని ఎవురు జెప్పినారు? నా చిన్నప్పటి నుంచి గొడ్లు దిగే తావది. నన్నొక మాట అడిగింటే జెప్పేటోన్ని గదా."

సంగతి విని టీచరు, "తప్పు మనదే" అన్నారు. మరుసటి శనివారం తాతనే పిలిపించారు. ఆయన గట్టు వెంట నడుస్తూ కర్రతో చూపించాడు.

"ఈడ నాటుకోండి, గొడ్లు రావు. ఆ మూల గడ్డి మాత్రం పీకొద్దండి. నీటికోళ్లు గుడ్లు పెడతాండాయి."

ఆ మూల మేము వదిలేశాం. వానలు వెలిశాక ఒకరోజు నా స్నేహితురాలు నా జడ పట్టి లాగింది. జమ్ము చాటున నీటికోడి, దాని వెనక నల్లటి పిల్లలు. ఊపిరి బిగపట్టి చూశాం. జలగలకు భయపడే తను నీళ్లలోకి దిగి నిలబడిందని ఇద్దరికీ తరువాతే తెలిసింది.

ఇప్పుడు నేను దొర్నిపాడులో పాఠాలు చెబుతున్నాను. మా పాత బడి కుంటలో గుర్రపుడెక్క ఏటా మళ్లీ వస్తుంది, ఏటా పిల్లలు తీస్తారు. మొన్న అటు వెళ్లినప్పుడు గట్టు మీద ఆగాను. కింద ఒక అమ్మాయి తలెత్తి చూసింది.

"అక్కా, కొంచెం జరగండి. మీ నీడ పడతాండాది. కప్పపిల్లల్ని లెక్కబెడతాండాం."

జరిగాను.