మా టీమ్ ఎంచుకున్న వెర్షన్ కంట్రోల్

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలో తేల్చడానికి, మద్దిలపాలెంలోని మా ఆఫీసులో ఈ రోజు పొద్దుటి నుంచి మీటింగ్. ఉచితంగా దొరికేదొకటి చూపించాను. ఉచితమైతే నాణ్యత ఉండదని మేనేజర్ గారు కొట్టిపారేశారు.

ఈలోగా బయట కూర్చున్న మా టీమ్ రమణ, సర్వర్‌లో నా ఫోల్డర్ మీద తన పాత ఫోల్డర్ కాపీ చేసేశాడు. నా వారం పని గాల్లో కలిసిపోయింది.

“ఇలా సేసినావేటి బావా?” అన్నాను.

“నాకేటి తెల్సు బావా? అడుగుదామంటే మీరంతా మీటింగ్‌లో ఉన్నారు!”

మేనేజర్ గారు అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నారు. “ఇక నుంచి ఫైలు ముట్టుకునే ముందు గట్టిగా అరిసి సెప్పండి, సాలు.”

సమస్య తీరిందని సమోసాలు కూడా తెప్పించారు. రెండు తిని, పోయిన కోడ్ మళ్లీ మొదలుపెట్టాను.

మాది అరుపు. మీ ఆఫీసులో ఏం వాడుతున్నారు?