అక్కను ఎవరూ అడగలేదు

నా చిన్నప్పుడు మేము నగర్తపేటలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క మా బళ్లోనే లెక్కల టీచరు. ఆ ఏడు ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటే ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుందని, లేకపోతే ఊడుతుందని వీధిలో అందరికీ తెలుసు. ఏడాదంతా పాఠం చెప్పిన మనిషి పనిని ఒక్క పూటలో తేల్చెయ్యడమేమిటో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బళ్లో ఒక ఆచారం ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజున చదువు రాని పిల్లల్ని ఇంటి దగ్గరే ఉండమనేవారు. భాగహారం రాదని హెడ్మాస్టరు నన్నూ రావద్దన్నారు. మా అమ్మ మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం అక్క మా గుమ్మంలోకి వచ్చి, "పిల్లను బడికి పంపు అత్తా. దానికి రాలేదంటే నేను చెప్పింది సరిగా లేదని. దాన్ని దాచిపెట్టి నేను మంచి పేరు తెచ్చుకునేదా?" అంది.

మర్నాడు నన్ను ముందు బెంచీలోనే కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టరు నన్నే లేపారు. బోర్డు మీద లెక్క చెయ్యలేక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. ఆయన అక్క వైపు తిరగనైనా తిరగకుండా, ఈ టీచరుకు చెప్పడం రాదని హెడ్మాస్టరుతో అనేశారు. ఎదురుగా ఉన్న మనిషిని లేనట్టే లెక్కగట్టారు!

అక్క ఊరుకోలేదు. "నన్నూ ఒక మాట అడగండి సార్. భాగహారం తొందరగా చెప్పేసినా. సగం మందికి ఎక్కలేదు. గుణకారం బాగా వచ్చిండాది, అదీ చూడండి. యాడ తప్పినానో నాకు తెలుసు, మళ్లా చెప్తా ఉండాను" అంది. తప్పు నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా అని ఆయన నవ్వుతూ లేచి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా అక్క ఉద్యోగం పోయింది. పిల్లల్ని ఇంట్లో దాచిన టీచర్లకు మాత్రం శాలువాలు కప్పారు.

అయినా అక్క నన్ను వదల్లేదు. బళేపేటలో వాళ్ల నాన్న నడిపే గాజుల అంగడి నుంచి పాత గాజులు తెచ్చి, సాయంత్రాలు అరుగు మీద వాటిని నా చేత పంచిపెట్టిస్తూ భాగహారం నేర్పింది. జీతం లేదు, చూసి మెచ్చుకునేవారూ లేరు. ఒకరోజు నేను లెక్క తప్పు లేకుండా చేసి చూపిస్తే, "ఇంక నా పాఠం అయింది" అని గాజులు మూటగట్టింది.

ఇప్పుడు నేనూ టీచర్నే. జుట్టు నెరిసింది. పాఠం అయ్యాక ఎక్కడ తప్పానో ముందు నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. పైవాళ్లు వచ్చి నా పనికి మార్కులు వేసి లేవబోతే, "నన్ను అడిగారా?" అంటాను. నోరెక్కువ మనిషినని పేరొచ్చింది. రానీ. ఆ రోజు గదిలో ఒక్కరైనా నీ పని గురించి నువ్వేమంటావని అక్కను అడిగి, చెప్పింది విని ఉంటే, నా తర్వాతి పిల్లలకు కూడా ఆమే లెక్కలు చెప్పేది.